మాదిరి లెక్కతో రసాయన శాస్త్రం

ఉన్నత పాఠశాలలో రసాయన శాస్త్రం చదివే విద్యార్థిని మొట్టమొదట తికమకపెట్టేది ‘మోల్’ అనే భావన. నిర్వచనం కంఠస్థం చేసిన పిల్లలు సైతం లెక్క ఎదురుకాగానే ఎక్కడ మొదలుపెట్టాలో తోచక ఆగిపోతారు. “నీవే ఆలోచించి చెయ్యి” అని పెద్దలు ఇచ్చే సలహా ఆ దశలో అంతగా ఉపకరించదు. ఈ విషయం నాకు అబ్బదన్న నిరాశే చివరకు పిల్లల్లో మిగులుతుంది.

మనస్సు ఒకేసారి కొద్ది విషయాలను మాత్రమే పట్టి ఉంచగలదు. సమీకరణం, అణుభారం, నిష్పత్తి అన్నీ కలిసి మీదపడితే, దారి వెతకడంలోనే శక్తి ఖర్చవుతుంది. ఆస్ట్రేలియాలో జాన్ స్వెల్లర్, గ్రాహం కూపర్ బీజగణితంపై జరిపిన ప్రయోగాలు 1985లో వెలువడ్డాయి. సాధించి చూపిన మాదిరి లెక్కలను పరిశీలించిన విద్యార్థులు, అన్నీ స్వయంగా సాధించబూనిన వారికంటె, అదే తరహా లెక్కలను త్వరగా, తక్కువ తప్పులతో చేశారు.

వంటసోడానే ఉదాహరణగా తీసుకోవచ్చు. దీని శాస్త్రీయ నామం సోడియం బైకార్బొనేట్. రెండు మోల్‌ల వంటసోడాను వేడిచేస్తే సోడియం కార్బొనేట్, నీరు, కార్బన్ డయాక్సైడ్ ఒక్కొక్క మోల్ చొప్పున ఏర్పడతాయి. 8.4 గ్రాముల వంటసోడా పూర్తిగా విఘటనం చెందితే ఎంత కార్బన్ డయాక్సైడ్ వస్తుంది?

‘రెండింటికి ఒకటి’ కనుక 4.2 గ్రాములని చాలామంది పిల్లలు తొందరపడతారు. సమీకరణం తెలిపేది కణాల సంఖ్యను, బరువును కాదు. డజను నిమ్మకాయలు, డజను గుమ్మడికాయలు ఒకే బరువు తూగవు కదా! మోల్ కూడా డజనువంటి ఒక లెక్కే.

మొదటి మెట్టు: గ్రాములను మోల్‌లుగా మార్చాలి. వంటసోడా అణుభారం 84. 8.4ను 84తో భాగిస్తే 0.1 మోల్.

రెండవ మెట్టు: నిష్పత్తిని వర్తింపజేయాలి. 0.1లో సగం, 0.05 మోల్.

మూడవ మెట్టు: తిరిగి గ్రాములుగా మార్చాలి. కార్బన్ డయాక్సైడ్ అణుభారం 44. 44ను 0.05తో గుణిస్తే 2.2 గ్రాములు.

సరిచూసుకోవడం: అదే విధంగా సోడియం కార్బొనేట్ 5.3, నీరు 0.9 గ్రాములు. మూడింటి మొత్తం 8.4. ద్రవ్యం ఎక్కడికీ పోలేదు.

తరువాత 16.8 గ్రాములతో అదే లెక్క ఇచ్చి, చివరి మెట్టును మాత్రం పిల్లలకు విడిచిపెట్టాలి. జవాబు 4.4 గ్రాములు. ఆపైన తిరగేసి అడగాలి: 1.1 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ రావాలంటే ఎంత వంటసోడా కావాలి? ఇక్కడ మెట్లన్నీ వారివే. జవాబు 4.2 గ్రాములు. చెయ్యి తిరిగిన తరువాత మాదిరి లెక్కలు ఆపివేయాలి. అప్పుడవి అడ్డంకి మాత్రమే.

తెలుగు మాధ్యమంలో చదివిన తల్లిదండ్రులు ఇక్కడి పాఠ్యపుస్తకాలను చూసి వెనుకాడనవసరం లేదు. ప్రతి మెట్టు వద్ద “ఇది ఎందుకు చేశావు?” అని తెలుగులో అడిగితే చాలు. పిల్లలు ఏ భాషలో బదులిచ్చినా, కారణం చెప్పగలిగితే లెక్క వారికి వచ్చినట్లే.