పంటుకు తగిన ప్రొపెల్లరు

తిరుపతి జిల్లా తడ మండలములోని ఇరకం దీవి పులికాటు సరస్సు నడుమ నున్నది. అచ్చటి ప్రజలు భీములవారిపాలెం రేవునకు పడవపై రావలసియున్నది. రోగిని ఆసుపత్రికి చేర్చవలెనన్నను, సరుకులు తెచ్చుకొనవలెనన్నను పడవయే ఆధారము. ఇట్టి గ్రామములకు పంటు అనుకూలమైన సాధనము. రెండు మూడు గాలిడొల్లలపై పలకలు పరచి, వెనుక ఔట్‌బోర్డు మోటారు తగిలించినదే మనము చెప్పుకొను పంటు. దానిని కొనునపుడు మోటారు ఎన్ని గుర్రపు బలములదని విచారించుట సహజము. ఆ బలమును నీటికి అందించు ప్రొపెల్లరును గురించి విచారించుటయు అంతే అవసరము.

ప్రొపెల్లరుపై సాధారణముగా రెండు అంకెలు చెక్కబడి యుండును. మొదటిది రెక్కలు తిరుగు వలయము యొక్క వ్యాసము; రెండవది పిచ్. మరమేకు ఒక చుట్టు తిరిగినచో చెక్కలో కొంత దూరము దిగును గదా! అటులనే ప్రొపెల్లరు ఒక చుట్టునకు ముందుకు సాగవలసిన దూరమును అంగుళములలో తెలుపునదే పిచ్. నీరు జారునది గనుక నిజముగా సాగు దూరము అంతకంటె తక్కువ.

తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కు బస్సును డ్రైవరు చిన్న గేరులో నడపును. పంటు కూడ బరువైనది, నీటి ఒరపిడి ఎక్కువగా గలది. కావున తేలికపాటి వేగపు పడవకు పనికివచ్చు పెద్ద పిచ్ దీనికి పనికిరాదు. వ్యాసము పెద్దది, పిచ్ చిన్నది అయిన ప్రొపెల్లరు మేలు. నాలుగు రెక్కలది తక్కువ వేగములో నీటిని బాగుగా పట్టును.

సరియైనదో కాదో తెలిసికొనుటకు పరీక్ష సులభము. నిత్యము మోయు బరువుతో, లోతు గల చోట పంటును పూర్తి వేగమున నడిపి, నిమిషమునకు ఇంజను ఎన్ని చుట్లు తిరుగునో మీటరులో చూడవలెను. ఉదాహరణకు, తయారీదారు పుస్తకములో 5,000 మొదలు 6,000 వరకని యుండగా, 13 అంగుళముల పిచ్‌తో 4,600 మాత్రమే వచ్చినదనుకొందము. ఇంజను ముక్కుచున్నదని అర్థము. అట్లే నడిపినచో పెట్రోలు వృథా, ఇంజనుకు చేటు. ఒక అంగుళము పిచ్ తగ్గించినచో సుమారు 150 నుండి 200 చుట్లు పెరుగును. కావున 10 అంగుళములది అమర్చి మరల పరీక్షింపవలెను. చుట్లు హద్దు మీరినచో పిచ్ పెంచవలెను. కాని అంతకుముందు మోటారు మరీ ఎత్తున నుండి ప్రొపెల్లరు గాలిని లాగుచున్నదేమో చూడవలెను.

పులికాటులో నీరు ఉప్పన, లోతు తక్కువ. ఇట్టిచోట అల్యూమినియపు ప్రొపెల్లరు చవక. నేలకు తగిలినపుడు రెక్క వంగి, లోపలి గేర్లను చాలవరకు కాపాడును. స్టీలుది గట్టిదే గాని ఆ దెబ్బ గేర్లకు చేరవచ్చును. వలదారములు ఇరుసునకు చుట్టుకొన్నవేమో తరచుగా చూడవలెను. చూచుటకు ముందు ఇంజను ఆపి తాళము తీయవలెను.

పంచాయతీ సభ్యులకు మేము మనవి చేయునది ఇది: బరువుతో పరీక్షించి చూపిన పిమ్మటనే సొమ్ము చెల్లింపుడు. అదనపు ప్రొపెల్లరు, నట్టు, పిన్ను, పానా పంటులోనే ఉంచుడు. ప్రొపెల్లరు మార్చినంత మాత్రమున పంటు మోయగల జనసంఖ్య పెరుగదు. ఆ పరిమితిని, ప్రతివారికి లైఫ్ జాకెట్టును ఎన్నడును విస్మరింపరాదు.