కామాఠీ అంటే కష్టజీవి!

* పనోళ్ల పేరుతో వెలసిన బొంబాయి పేట
* అడ్రసు చెప్పాలంటే జంకుతున్న తెలుగు కుటుంబాలు

ముంబై: కామాఠీపురా.. ఈ మాట చెవిన పడగానే వినేవాళ్ల చూపు మారిపోతుంది. పెళ్లి సంబంధమైనా, కొలువైనా అడ్రసు దగ్గరికొచ్చేసరికి ఇక్కడి తెలుగు పిల్లలు నాగ్‌పాడా అనో, ముంబై సెంట్రల్ అనో చెప్పి సర్దుకుంటారు. నిజానికి ఆ పేరులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. అది మన ముత్తాతల చెమటకు దక్కిన పేరు.

పని పేరే ఇంటి పేరై..
తెలుగులో 'కామాటి' అంటే తవ్వకం, మోత పనులు చేసే కూలీ. హైదరాబాద్ పాతబస్తీలోనూ ఓ కామాటిపురా ఉంది. మరాఠీ నోట 'ట' కాస్తా 'ఠ' అయింది. అర్థమూ మారింది. నిజాం ఇలాకా నుంచి బతకొచ్చిన తెలుగోళ్లు ఏ కులమోళ్లైనా బొంబాయివాళ్లకు కామాఠీలే. ప్రాజెక్టులు కట్టిన కూలీలకు మన దగ్గర 'పాలమూరు లేబర్' అన్న పేరు పడ్డట్టే ఇదీ.

బురద నేల మీద బస్తీ
1784లో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తవడంతో సముద్రపు నీటికి అడ్డుకట్ట పడింది. బురద నేలలు క్రమంగా మెరకయ్యాయి. నగరం కట్టడానికి వచ్చిన కామాఠీలు అక్కడే గుడిసెలేసుకున్నారు. తర్వాత చాళ్లు లేచాయి. కూలీల్లోంచి మేస్త్రీలు, కాంట్రాక్టర్లు పుట్టుకొచ్చారు. 1873లో జోతిరావు ఫూలే పెట్టిన సత్యశోధక్ సమాజ్‌కు వెన్నుదన్నుగా నిలిచిన వెంకు బాలు కాళేవార్, జాయా కరాడీ లింగు బొంబాయి తెలుగువాళ్లే.

మచ్చ పడిందిలా..
19వ శతాబ్దం చివరికొచ్చేసరికి బ్రిటిష్ పోలీసులు వేశ్యాగృహాలను ఈ గల్లీల్లోకే చేర్చారు. అంతే.. కష్టం మాట మరుగున పడి, మచ్చే మిగిలింది. 2022లో 'గంగూబాయి కాఠియావాడీ' సినిమా వచ్చినప్పుడు తమ పేట పరువు పోతోందంటూ స్థానికులు హైకోర్టు దాకా వెళ్లారు. ఊరట దక్కలేదు.

పేరు నిలిచేనా?
పాత చాళ్లను కూల్చి టవర్లు కట్టేందుకు 'మ్హాడా' పునరభివృద్ధి పథకం చేపట్టింది. ఇరుకు గదుల్లో ఉంటున్నవాళ్లకు పక్కా ఇల్లు రావాల్సిందే. అయితే కొత్త బోర్డుల మీద పేరు మార్చేస్తే మచ్చతో పాటు చరిత్రా తుడిచిపెట్టుకుపోతుంది. పేరు ఉంచి, దాని అర్థం పిల్లలకు చెబితే చాలు. 'మీరెక్కడుంటారు?' అని అడిగితే తలెత్తి జవాబు చెబుతారు.