గింజ నిద్ర లేచింది!

డబ్బాలో నెలల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉన్న పెసరగింజ కాసిన్ని నీళ్లు తగలగానే ఒక్క రాత్రిలో తోక బయటపెడుతుంది. దాన్ని ఎవరు లేపారు? లేచాక లోపల ఏం జరిగింది? ఆ సంగతి తెలిస్తే వంటింట్లో మొలకలే కాదు, తొలకరిలో రైతు పడే ఆరాటమూ అర్థమవుతుంది.

పట్టుకుంటే రాయిలా గట్టిగా ఉంటుంది. ప్రాణం ఉన్న ఆనవాలే కనిపించదు. కానీ గింజ చచ్చిపోలేదు. లోపల తేమ బాగా తక్కువ కాబట్టి పనులన్నీ దాదాపు ఆపేసి, అతి నెమ్మదిగా ఊపిరి తీస్తూ పడుకుందంతే. గింజను చీల్చి చూస్తే రెండు బద్దల మధ్య బుల్లి మొక్క ఉంటుంది. వేరు, కాండం, ఆకుల మొదళ్లు అప్పటికే సిద్ధం! చుట్టూ ఉన్న బద్దలు దాని సద్దిమూట. అంటే, రోజూ మనం వండుకునే కందిపప్పు, పెసరపప్పు తల్లి మొక్క తన పిల్ల కోసం కట్టిపెట్టిన తిండే అన్నమాట!

ముందు నీళ్లు... తర్వాత వేరు

నీళ్లు తగలగానే గింజ ఉబ్బుతుంది. ఇందులో వింతేం లేదు, చచ్చిన గింజా ఉబ్బుతుంది. అసలు కథ ఆ తర్వాతే. బతికున్న గింజ గబగబా ఊపిరి తీయడం మొదలుపెడుతుంది. అందుకు గాలి కావాలి. పెసల్ని నీళ్లలోనే వదిలేస్తే కుళ్లి వాసనొస్తాయి. నీళ్లు వంపేసి తడిగుడ్డలో మూటకడితే చక్కగా మొలకెత్తుతాయి. తేడా అంతా గాలిదే.

జొన్న, రాగి, వరి లాంటి వాటిలో మరో తమాషా జరుగుతుంది. పిల్ల మొక్క జిబ్బరెల్లిన్ అనే హార్మోన్‌ను పంపుతుంది. అది అందగానే పొట్టు కింది పొర ఎంజైములు తయారుచేసి పిండిని చక్కెరగా మార్చేస్తుంది. మొలకెత్తిన రాగులతో చేసిన పిండి కాస్త తియ్యగా ఉండేది ఇందుకే.

తొలుత వచ్చేది వేరు. గింజను ఎలా తిప్పి నాటినా అది కిందికే వెళ్తుంది. వేరు కొనలోని కణాల్లో ఉండే పిండి రేణువులు బరువుకి అడుగుకు జారి, దిక్కు చెబుతాయి. చిక్కుడు, చింత, ఆముదం మొలకలు తల వంచుకుని మెడతో మట్టిని తోసుకొస్తాయి. లేత చిగురు గీసుకుపోకుండా అదో ఉపాయం. వెలుతురు తగిలాకే తలెత్తుతాయి. కంది, శనగ మాత్రం బద్దల్ని మట్టిలోనే వదిలేసి చిగురునొక్కదాన్నే పైకి పంపుతాయి.

వరిది ఇంకో దారి. గాలి అందని నీళ్లలో మునిగినా మొలక రాగలదు. కాకపోతే అప్పుడు వేరు వెనకబడుతుంది. అందుకే రైతులు వడ్లను ఓ రోజంతా నానబెట్టి, నీళ్లు తీసేసి, గోనెసంచుల్లో మండె కడతారు. కొబ్బరికాయ మొలిచినప్పుడు లోపల కనిపించే తియ్యటి పువ్వు కూడా పువ్వు కాదు. కొబ్బరినీ నీళ్లనూ పీల్చి మొక్కకు అందించే భాగమది!

వెనక్కి దారి లేదు

ఇక్కడే ఉంది అసలు చిక్కు. నీళ్లు తాగి ఉబ్బిన గింజ మళ్లీ ఎండినా చాలాసార్లు తట్టుకుంటుంది. వేరు బయటపెట్టాక మాత్రం ఎండిందంటే ఇక అంతే. తొలకరిలో నాలుగు చినుకులకే విత్తితే జరిగేది ఇదే. పైపొర తడికి గింజ లేస్తుంది. తర్వాత వాన మొహం చాటేస్తే మొలక మాడిపోతుంది. మళ్లీ విత్తనం కొనాలి, మళ్లీ కూలి ఇవ్వాలి. వర్షాధారంగా పత్తి వేసేవాళ్లు నేల రకాన్ని బట్టి 50 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే విత్తుకోవాలని శాస్త్రవేత్తలు చెప్పేది ఇందుకే.

లేపినా లేవనివి

కొన్ని గింజలు నీళ్లు పోసినా లేవవు. తుమ్మ గింజ పెంకు నీటిని లోపలికే రానివ్వదు. మేకలు కాయలు తిని విసర్జించిన గింజలు మాత్రం తేలిగ్గా మొలుస్తాయి. నర్సరీల్లో ఇదే పని వేడినీళ్లతో చేయిస్తారు.

ఈ నిద్ర ఒక్కోసారి రైతుకు రక్ష. గుత్తి రకం వేరుసెనగకు నిద్ర దాదాపు ఉండదు. పీకే సమయంలో వాన పడితే కాయలోనే మొలకెత్తుతుంది. తీగ రకాలకు నిద్ర ఉంటుంది కాబట్టి ఆ ముప్పు తక్కువ. కోస్తాలో తుపానొస్తే వరి పనలు చేలోనే మొలకెత్తడం చూస్తుంటాం. ఒకటి రెండు వారాల నిద్ర ఉన్న వరి రకాలకు అక్కడ విలువ ఎక్కువ.

రెండు వేల ఏళ్ల ఖర్జూరం

గింజ ఎన్నాళ్లు నిద్రపోగలదు? ఇజ్రాయెల్‌లోని మసాదా కోట తవ్వకాల్లో దొరికిన సుమారు 2000 ఏళ్లనాటి ఖర్జూర గింజ 2005లో మొలకెత్తింది! అమెరికాలో విలియం బీల్ అనే వృక్షశాస్త్రవేత్త 1879లో ఇసుకలో కలిపిన గింజల్ని 20 సీసాల్లో పెట్టి మిషిగన్‌లో పాతిపెట్టాడు. 2021లో తవ్వితీసిన సీసాలోని గింజలు కొన్ని మొలిచాయి. తర్వాతి సీసా 2040లో తీస్తారు.

అన్ని గింజలకూ అంత ఆయుష్షు లేదు. వేడి, తేమ వాటికి శత్రువులు. గింజలో తేమ ఒక్క శాతం తగ్గినా, నిల్వచేసే చోట వేడి ఐదు డిగ్రీలు తగ్గినా ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందన్నది శాస్త్రవేత్తల లెక్క. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుసెనగ లాంటి పంటల విత్తనాల్ని లక్షకు పైగా రకాలుగా చల్లటి గదుల్లో దాచిందీ, నార్వేలో 2008లో తెరిచిన స్వాల్‌బార్డ్ విత్తన భాండాగారాన్ని మైనస్ 18 డిగ్రీల్లో ఉంచిందీ ఈ సూత్రంతోనే.

ఇంట్లోనే పరీక్ష

మరి, కొన్న విత్తనం బతికుందో లేదో తెలిసేదెలా? సంచిలోంచి ఏరకుండా, చేతికొచ్చినట్టు వంద గింజలు తీయాలి. తడి గోనెపట్టా మీద పది వరసలుగా పేర్చి, చాపలా చుట్టి నీడలో పెట్టాలి. తడి ఆరకుండా నీళ్లు చిలకరించాలి. కందికి ఐదారు రోజులు, వరికి వారం పది రోజులు. తర్వాత విప్పి, వేరూ మొలకా రెండూ దృఢంగా ఉన్నవాటినే లెక్కపెట్టాలి. ధ్రువీకరించిన విత్తనమైతే వరి కనీసం 80, కంది 75, వేరుసెనగ 70, మిరప 60 మొలవాలి.

ఇంట్లో దాచుకున్న విత్తనంలో లెక్క కాస్త తగ్గితే మోతాదు పెంచుకోవచ్చు. మరీ తగ్గితే మార్చుకోవడమే మేలు. కొన్న విత్తనమైతే బిల్లూ, సంచి మీది చీటీ పారేయకుండా దాచి, వ్యవసాయాధికారి దృష్టికి తీసుకెళ్లాలి. ఇదంతా దుక్కిలో గింజ పడకముందే తేలాలి. ఖర్చా... వంద గింజలు, ఓ తడి గోనె, వారం ఓపిక!