జ్వరం తెప్పించేది ఎవరు?

జ్వరం వస్తే తిట్లన్నీ బ్యాక్టీరియాకే. కానీ ఒళ్ళు కాలిపోయేది మన కణాలు పంపుకునే సిగ్నల్ వల్లే. ఈసీఈ చదివే నాకు ఆ సర్క్యూట్ తెగ నచ్చింది. మీరూ ఓ చూపు చూడండి.

మాక్రోఫేజ్ అనే రక్షక కణం పైపొరలో టీఎల్ఆర్4 ఉంటుంది. టీఎల్ఆర్ అంటే టోల్ లైక్ రిసెప్టర్. హైవే మీద కట్టే టోల్ కాదండోయ్! జర్మన్‌లో 'భలే' అని అర్థం; పండ్ల ఈగలో దొరికిన ఒక జన్యువుకి పెట్టిన పేరు. అది ఈగని ఫంగస్ నుంచి కాపాడుతుందని 1996లో జూల్స్ హాఫ్‌మన్ బృందం చూపింది. ఎలుకల్లో టీఎల్ఆర్4 పనేంటో 1998లో బ్రూస్ బ్యూట్లర్ బృందం తేల్చింది. 2011 నోబెల్ అందుకున్నవాళ్ళలో ఈ ఇద్దరూ ఉన్నారు.

కొన్ని బ్యాక్టీరియాల పైపొరలో ఎల్‌పీఎస్ అనే పదార్థం ఉంటుంది. అది తగిలితే రెండు టీఎల్ఆర్4లు జతకడతాయి. దాంతో కణం లోపల ఉన్న వాటి తోకలూ దగ్గరవుతాయి. అక్కడ మైడీ88 ప్రోటీన్లు గుమిగూడతాయి, వాటి మీద ఐరాక్4, ఆపైన ఐరాక్2. 2010లో బయటపడ్డ నిర్మాణంలో లెక్క ఆరు, నాలుగు, నాలుగు. ఒక్క మైడీ88తో పని జరగదు, గుంపు కట్టాల్సిందే. మన భాషలో థ్రెషోల్డ్ అన్నమాట. చిన్నపాటి నాయిస్‌కి అలారం మోగదు.

అక్కడినుంచి కబురు ట్రాఫ్6, టాక్1 మీదుగా ఐకేకే అనే ఎంజైముకి చేరుతుంది. ఎన్ఎఫ్ కప్పా బీ అనే ప్రోటీన్‌ని ఐకప్పాబీ పట్టుకుని కూర్చుంటుంది. ఐకేకే దానికి ఫాస్ఫేట్ తగిలించగానే కణం దాన్ని ముక్కలు చేసేస్తుంది. విడుదలైన ఎన్ఎఫ్ కప్పా బీ కేంద్రకంలోకి వెళ్ళి టీఎన్ఎఫ్, ఐఎల్6 జన్యువుల్ని ఆన్ చేస్తుంది. మెదడుకి అందే జ్వరం కబురు ఇవే. తమాషా ఏంటంటే, కొత్త ఐకప్పాబీని తయారుచేయించేది కూడా ఇదే ఎన్ఎఫ్ కప్పా బీ. అచ్చమైన నెగెటివ్ ఫీడ్‌బ్యాక్!

ఈ తీగ తెగితే? పుట్టుకతో ఐరాక్4 పనిచేయని పిల్లలకి న్యుమోకాకస్ ప్రాణాంతకం. పైగా ఇన్‌ఫెక్షన్ ముదిరినా జ్వరం సరిగ్గా రాకపోవచ్చు. అదుపు తప్పితే? అది సెప్సిస్‌కి దారి: బీపీ పడిపోయి అవయవాలు దెబ్బతింటాయి. టీఎల్ఆర్4ని మూసే ఎరిటోరాన్ అనే మందుతో సెప్సిస్ మరణాలు తగ్గలేదని 2013లో ప్రచురించిన ట్రయల్ చెప్పింది. కబురు లోపలికి చేరాక గుమ్మం మూసి లాభమేంటి అనిపిస్తుంది నాకు. ఆపే స్విచ్‌ని లోపలే వెతకాలి. అది మన ఇంజనీర్లకీ తగిన పనే.