చేప జాతి అంతరించిందని నిర్ణయించేదెప్పుడు?

ఒక చేప జాతి చాలాకాలం వలకు చిక్కనంత మాత్రాన అది అంతరించిందని నిర్ణయించడానికి వీలులేదు. ఆ జాతిలోని చివరి చేప కూడా మరణించిందనడంలో సహేతుకమైన సందేహం మిగలనప్పుడే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం అటువంటి ప్రకటన చేస్తుంది.

తుర్కియే దేశంలోని బాట్‌మాన్ నదికి చెందిన ఒక చిన్న లోచ్ చేప 1974 తరువాత కనబడలేదు. అన్వేషణ ఆనకట్టకు దిగువనే సాగడం ఇందుకు ఒక కారణం. 2021లో ఎగువ వాగులలో వెదకగా అది సజీవంగా లభించింది.

చైనాలోని యాంగ్జీ నదికి చెందిన తెడ్డుముక్కు చేప పరిస్థితి వేరు. 1981లో గెజోబా ఆనకట్ట అడ్డుపడటంతో, గుడ్లు పెట్టే ఎగువ ప్రాంతాలకు దాని వలస మార్గం మూసుకుపోయింది. ఈ చేప సజీవంగా చివరిసారి 2003లో కనిపించింది. 2017–18లో నదీ పరీవాహకమంతటా జరిపిన సర్వేలో 332 చేప జాతులు లభించినా, వాటిలో ఇది లేదు. 2022లో దీనిని అంతరించిన జాతిగా ప్రకటించారు. అయితే 2005–2010 మధ్యకాలంలోనే ఇది అంతరించి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా.

తొందరపడి ప్రకటిస్తే, బ్రతికి ఉన్న కొద్దిపాటి చేపలకు రక్షణ కొరవడుతుంది. నిర్ధారణ కొరకు వేచి ఉంటే కాలం మించిపోతుంది. కావున చేపల సంఖ్య తగ్గుతున్నట్లు గుర్తించిన వెంటనే అన్వేషణను, ఆవాస సంరక్షణను కలిపి చేపట్టడం అవసరం.