అలారం మోగిందా, ఆగిందా?

1979 మార్చి 28 తెల్లవారుజామున అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణువిద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగింది. మొదటి కొద్ది నిమిషాల్లోనే వందకు పైగా అలారాలు "వెంట్ ఆఫ్" అని ఇంగ్లీషులో చదివారనుకోండి. స్విచ్చి "ఆఫ్" చేస్తే ఫాను ఆగుతుంది కనుక, అలారాలూ ఆగిపోయాయనుకున్నారా? అయితే కథంతా తలకిందులైనట్టే! అవన్నీ మోగాయి. ఆ మోతలో అసలు లోపమేమిటో ఆపరేటర్లకు అంతుపట్టలేదు. ఒక వాల్వు మూసుకోక, రియాక్టరును చల్లబరిచే నీరు బయటికి పోతూనే వుంది.

"గో ఆఫ్" అంటే అలారం విషయంలో మోగడం, బాంబు విషయంలో పేలడం. లైట్లు "వెంట్ ఆఫ్" అంటే మాత్రం ఆరిపోయాయనే! పాలు "వెంట్ ఆఫ్" అంటే పాడయ్యాయని. ఇది బ్రిటిష్ వారి వాడుక. బాక్టీరియా పాలలోని లాక్టోజును లాక్టిక్ ఆమ్లంగా మార్చడం వల్ల అవి పులిసి విరుగుతాయి.

ఇదేం భాషరా బాబూ అని విసుక్కోకండి. దీపం కొండెక్కిందని మనం అనడం లేదూ? ఏ కొండ అని ఎవరడిగారు? "గో"కు, "ఆఫ్"కు విడివిడిగా అర్థాలు వెతక్కుండా, వాక్యంలో కర్త ఏమిటో ముందు చూడండి. మరి, "తుపాకి వెంట్ ఆఫ్" అంటే ఏమైనట్టు? మీరే చెప్పండి!