కబుర్ల మూలలో దొరికిన జవాబులు

పదిమంది విద్యార్థుల మార్కులు కూడి సగటు చెప్పే చిన్న ప్రోగ్రాము ఒకటి మీరు రాశారనుకోండి. నడిపి చూస్తే, ఎక్కడో తప్పుందని ఒక వాక్యం చూపించి కంప్యూటరు ఆగిపోయింది. పదిసార్లు చదివారు. అంతా సరిగానే ఉంది! బడిలోనైతే పక్క బెంచీవాళ్ళను అడగవచ్చు. ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఆన్‌లైన్ పాఠాలతో నేర్చుకునేవారికి ఆ వీలు లేదు. కాసేపటికి అనుమానం ప్రోగ్రాము మీదనుంచి తమ మీదికే మళ్ళుతుంది. "ఇది నాకు వచ్చే విద్య కాదేమో!"

అలా దిగులుపడేవారికి ఒక సంగతి చెప్పాలి. 1949లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఎడ్సాక్ అనే కంప్యూటరు పనిచేయడం మొదలుపెట్టింది. దాన్ని నిర్మించిన బృందానికి నాయకుడు మారిస్ విల్క్స్. దానికోసం ఆయన స్వయంగా రాసిన తొలి పెద్ద ప్రోగ్రాములో ఆదేశాలు 126. అందులో తప్పులు సుమారు 20! ఇక తన జీవితంలో చాలా భాగం సొంత తప్పులు వెతుక్కోవడానికే సరిపోతుందని ఒకనాడు మెట్ల దగ్గర ఆయనకు తట్టిందట. కంప్యూటరును కట్టినవారి సంగతే ఇలా ఉంటే, మనమెంత?

సరే, ఆ తప్పు మన కంటికి ఎందుకు కనపడదు? మనం రాసినదాన్ని మనమే చదివేటప్పుడు, ఎదుట ఉన్నదాన్ని కాక మనసులో అనుకున్నదాన్నే చూస్తాం. మీ వ్యాసంలో మీరు వదిలేసిన ఒత్తును మీ స్నేహితుడు ఇట్టే పట్టుకుంటాడు కదూ!

ఇప్పుడు ఆ మార్కుల ప్రోగ్రామునే స్నేహితురాలికి పైకి చెప్పి చూడండి. "లెక్క సున్న నుంచి మొదలు. సున్న నుంచి పది దాకా ఒక్కొక్క మార్కే తీసుకుని..." అంటూండగానే నోరు ఆగిపోతుంది. సున్న నుంచి పది దాకా అంటే పదకొండు! లేని పదకొండో మార్కును కంప్యూటరు మాత్రం ఎక్కడినుంచి తెస్తుంది పాపం? ఆమె పెదవి విప్పకుండానే తప్పు దొరికింది.

జెరాల్డ్ వైన్‌బెర్గ్ అనే అమెరికన్ రచయిత ప్రోగ్రాములు రాసేవారి మనస్తత్వం గురించి 1971లో ఒక పుస్తకం ప్రచురించాడు. అందులో ఒక ముచ్చట ఉంది. ఒక విశ్వవిద్యాలయ కంప్యూటరు కేంద్రంలో తినుబండారాలు అమ్మే యంత్రాలుండేవి. వాటిచుట్టూ విద్యార్థులు చేరి గోల చేస్తున్నారని ఎవరో ఫిర్యాదు చేస్తే, అధికారి ఆ యంత్రాలను దూరంగా పెట్టించాడు. కొద్దిరోజుల్లోనే సలహాలిచ్చే ఉద్యోగుల ముందు బారులు పెరిగిపోయాయి! ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఆ గోలలో విద్యార్థులు తమ ప్రోగ్రాముల గురించే మాట్లాడుకునేవారు. చాలా చిక్కులు అక్కడికక్కడే విడిపోయేవి.

మరొక విశ్వవిద్యాలయంలో సలహాల బల్ల దగ్గర బొమ్మ ఎలుగుబంటిని కూర్చోబెట్టారు. ముందు దానికి చెప్పుకున్నాకే మనిషితో మాట్లాడాలి! నవ్వులాట కాదు, కొన్ని తప్పులు అక్కడే దొరికేవి. కాని "నిన్న నాకూ ఇలాగే అయింది" అని ఎలుగుబంటి అనలేదు కదా. దిగులు తగ్గించేది ఆ మాటే.

ఆన్‌లైన్ చదువులో ఆ కబుర్ల మూల దానంతట అది ఏర్పడదు. హార్వర్డు, ఎం.ఐ.టి. సంస్థల ఆన్‌లైన్ పాఠాలలో 2017-18లో చేరినవారిలో చివరిదాకా పూర్తిచేసినవారు నూటికి సుమారు ముగ్గురే. ఊరికే చూసిపోదామని వచ్చినవారూ వారిలో ఉన్నారనుకోండి. ఏమైనా, ఇద్దరు ముగ్గురు కలిసి వారానికి రెండుసార్లు ఫోనులో మాట్లాడుకునే వేళ పెట్టుకోవడం కష్టమేమీ కాదు. అడిగేవారు ఏం రావాలో, ఏం వచ్చిందో, ఇంతవరకు ఏం ప్రయత్నించారో చెప్పాలి. వినేవారు జవాబు రాసి ఇచ్చేయకూడదు, "ఈ వరస ఎందుకు?" అని అడుగుతూ పోవాలి. "నాకు రాదు" అనే బదులు "ఐదో వరస ఇంకా పనిచేయడం లేదు" అనడం అలవాటు చేసుకోండి. ఐదో వరసనైతే సరిదిద్దవచ్చు.

ఇంతకీ మన ప్రోగ్రాములో పదిని తొమ్మిదిగా మార్చారా? మళ్ళీ నడిపి, సగటు ఎంత వచ్చిందో చూడండి.